కీర్తిమందిరమున కర్హు లెవరు?

అమెరికా సంయుక్త రాష్ట్రములలో, న్యూయార్కు రాష్ట్రమందు, ఆట్సీగో అను సరస్సు తీరమున కూపర్స్‌టౌను అను చిన్న యూరు కలదు. రెండువేల జనసంఖ్యయైనను లేని యా గ్రామమునకు ప్రతి వేసవిలోను దేశము నలుమూలల నుండి వేలకొలది జనులు తరలి వచ్చెదరు. వారిని రప్పించునది దేవాలయము గాదు, పుణ్యతీర్థమును గాదు. బేసుబాలు ఆటగాండ్ర కీర్తిమందిరము అచ్చట నున్నది. 1939 జూను 12వ తేదీన దానిని ప్రారంభించిరి. లోపలి మంటపపు గోడలపై కంచు ఫలకములు వరుసగా నమర్చబడి యున్నవి. ఒక్కొక్క ఫలకముపై ఒక్కొక్కరి ముఖము, పేరు, వారి ఘనకార్యముల సంగ్రహము కనబడును. ఇంతవరకు ఆ దేశపు ప్రధాన సంఘములలో ఇరువదివేలకు మించిన ఆటగాండ్రు ఆడియుందురు. ఆ గోడ కెక్కినవారు సుమారు మూడున్నర వందలు. అందులోను కొందరు నిర్వాహకులు, తీర్పరులు.

ఆ గోడపై నెవరికి చోటీయవలెను, ఎవరికి ఈయరాదు అను చర్చ ఏటేట శీతకాలమున అచ్చటి పత్రికలలోను, ఇండ్లలోను చెలరేగుచుండును. ఆటను గూర్చిన వాదములు మన కేల యని మీరు తలపవచ్చును. కాని యొక మనుష్యుని జీవితకాలపు కృషిని తూచు తక్కెడ యేది యను ప్రశ్న యిందులో నిమిడి యున్నది. ముప్పదియేండ్లకు పైగా పిల్లల సమాధానపత్రములకు మార్కులు వేసినవాడను గనుక నాకీ ప్రశ్న మిక్కిలి పరిచితము.

ముందుగా అచ్చటి పద్ధతిని తెలిసికొందము. పదిసంవత్సరములు ఆడి, ఆట మానిన పిదప అయిదేండ్లు గడచిన ఆటగాని పేరు ఎన్నికకు వచ్చును. ఓటు వేయువారు బేసుబాలు వార్తలను వ్రాయు పత్రికారచయితలు. వారికి ఆ సంఘమున పదియేండ్ల సభ్యత్వ ముండవలెను. నూటికి 75 ఓట్లు వచ్చిననే మందిర ప్రవేశము. నూటికి అయిదైనను రానివాని పేరు మరుసటి యేడు కనబడదు. ఎంతటివాడైనను పది యెన్నికల వరకే అవకాశము. ఆ పిదప కూడ తోసివేయబడిన వారిని మరల విచారించుటకు వేరుగా చిన్న సమితులు కలవు. 1936లో జరిగిన తొలి యెన్నికలో నెగ్గినవా రయిదుగురు: టై కాబ్, బేబ్ రూత్, హోనస్ వాగ్నర్, క్రిస్టీ మాథ్యూసన్, వాల్టర్ జాన్సన్. నాడు 226 ఓట్లలో కాబ్‌కు వచ్చినవి 222. రూత్ వంటి వీరునికి సైతము పదునొకండుగురు ఓటు వేయలేదు. మందిరము స్థాపించిన నాటినుండి 2019లో మరియానో రివేరా అను నాతనికి వచ్చువరకు నూటికి నూరు ఓట్లు ఏ యొక్కరికిని రాలేదు. తొంబదితొమ్మిది వేసి, నూరవది చేతిలో నుంచుకొను పరీక్షకులు మన దేశముననే కాదు, అన్ని దేశములందు నున్నారు.

ఇక ఆటను గూర్చి రెండు మాటలు. ఇది మన క్రికెట్టునకు దూరపు బంధువు. ఒకడు బంతి విసరును. వానిని పిచ్చరు అందురు. వేరొకడు గుండ్రని కొయ్యబ్యాటుతో దానిని కొట్టి, నాలుగు మూలల నుంచిన బేసులను వరుసగా దాటి, బయలుదేరిన చోటికి చేరినచో ఒక పరుగు. బంతిని కొట్టి క్షేమముగా బేసు చేరుట హిట్టు. బంతిని కంచె దాటించి కొట్టుట హోమురన్. మన సిక్సరు వంటిది. పదిమారులు ప్రయత్నించి మూడు హిట్లు సాధించువాడు ఉత్తమ శ్రేణి వానిగా గణింపబడును. పదింట ఏడుమారులు విఫలుడగు వానిని ఉత్తముడనుట మీకు వింతగా తోచవచ్చును. గంటకు 90 మైళ్లకు మించిన వేగముతో వచ్చు బంతి యెదుట ఒక్కమారు నిలిచినచో ఆ వింత తీరును.

బేసుబాలు వలె అంకెలను ప్రేమించు ఆట మరియొకటి లేదు. నూరేండ్ల క్రిందటి ఆటగాడు ఏ సంవత్సరమున నెన్ని హిట్లు కొట్టెనో నేటికిని పుస్తకములలో కనబడును. ఇన్ని లెక్క లుండగా తీర్పు చెప్పుట సులభమే కదా యని తోచును. అచ్చటనే చిక్కు మొదలగుచున్నది.

ఒక ఉదాహరణము చూడుడు. 1930లో నేషనల్ లీగు అను సంఘమందలి ఆటగాండ్రందరి హిట్ల సగటు, వేయి ప్రయత్నములకు 303. అది విజేతల సగటు గాదు. మంచివారు, మందకొడివారు, అందరును కలిసిన సగటు. 1968లో అమెరికన్ లీగు అను రెండవ సంఘమున అందరిలోను ప్రథముడుగా నిలిచిన కార్ల్ యాస్ట్రెమ్‌స్కీ సగటు 301. అంకెలను మాత్రమే నమ్మినచో, 1930 నాటి సామాన్యుడు 1968 నాటి సర్వప్రథముని కంటె రెండాకులు ఎక్కువ చదివినవాడు కావలెను! నిజమేమన, 1968లో పిచ్చర్లదే రాజ్యము. వారు నిలిచి బంతి విసరు మట్టిదిబ్బ 15 అంగుళముల ఎత్తుండెడిది. పరుగులు రాక ప్రేక్షకులు విసుగుచెందుచున్నారని, మరుసటి యేడు దానిని 10 అంగుళములకు తగ్గించిరి. అయిదంగుళముల మట్టి తీసివేసినంతనే ఆటగాండ్ర ప్రజ్ఞ పెరిగినదనుట సాధ్యమా? కావున ఒక సంఖ్యను చూచినపుడు అది యేనాటిది, ఎవరి నడుమ సంపాదించినది యని యడుగక తప్పదు.

పిచ్చరుల సంగతి మరింత చిత్రము. జట్టు గెలిచిన ఆటను పిచ్చరు ఖాతాలో గెలుపుగా వ్రాయుట పాత యాచారము. అతడెంత బాగుగా విసరినను, తోటివారు పరుగులు తీయనిచో గెలుపెట్లు వచ్చును? 2018లో న్యూయార్కు మెట్సు జట్టున జేకబ్ డిగ్రోం తొమ్మిది ఇన్నింగ్సులకు సగటున 1.70 పరుగుల కంటె నీయలేదు. అతని గెలుపులు 10, ఓటములు 9. అయినను ఆ యేటి ఉత్తమ పిచ్చరు బహుమాన మతనికే యిచ్చిరి. పూర్వమైనచో ఆ పది గెలుపులను చూచి పెదవి విరిచెడివారు. ఇటీవలి గణకులు మరియొక కొలతను కల్పించిరి: ఈ యాటగాని స్థానమున ఒక సామాన్యుని నిలిపియున్నచో జట్టు ఇంకెన్ని ఆటలు ఓడియుండెడిదో లెక్కించి, ఆ యొక్క సంఖ్యలో వాని ప్రజ్ఞనంతయు చెప్పజూతురు. ఇది పాత కొలతల కంటె మేలైనదే. కాని మొత్తము మార్కులను మాత్రమే చూచి, ఈ పిల్లవాడెట్టివాడో తెలిసినదని చెప్పు ఉపాధ్యాయుని నేను నమ్మను.

అల్పకాలపు మహాప్రతిభ గొప్పదా, దీర్ఘకాలపు నిలకడ గొప్పదా? ఈ వివాదమున ఇద్దరి చరిత్రలు చూడదగినవి. చిత్రమేమన, వారిరువురును 1966లో లాస్ ఏంజిలీస్ డాడ్జర్సు అను నొకే జట్టున నుండిరి. ఒకరికి అది తుది సంవత్సరము. మరియొకరికి తొలి సంవత్సరము.

శాండీ కోఫాక్స్ 1955లో, పందొమ్మిదేండ్ల వయసున ఆ జట్టున చేరెను. అప్పటికా జట్టు బ్రూక్లిన్‌లో నుండెడిది. అతని బంతికి వేగమున్నది గాని గురి లేదు. మొదటి ఆరు సంవత్సరములలో అతని గెలుపులు 36, ఓటములు 40. అతనిని జట్టునుండి తొలగించియున్నను ఎవరును తప్పుపట్టెడివారు గారు. తరువాతి ఆరు సంవత్సరములలో గెలుపులు 129, ఓటములు 47. వరుసగా అయిదేండ్లు అతి తక్కువ పరుగులిచ్చినవాడుగా తన సంఘమున ప్రథమస్థాన మాక్రమించెను. 1962 మొదలు నాలుగేండ్లు ఏడాది కొక్కటి చొప్పున, ఎదిరిపక్షమునకు ఒక్క హిట్టైన నీయని ఆటలు నాలుగు ఆడెను; వానిలో 1965 నాటి దానిలో ఎదిరిపక్షమువాడొక్కడును బేసైన చేరలేదు. ఇంతలో మోచేతి కీలు వాతముతో చెడెను. ఆ చేతితోనే 1966లో 27 ఆటలు గెలిచి, ఇంకను ఆడినచో చేయి శాశ్వతముగా చెడునను భయమున, ముప్పదియేండ్లకే విరమించెను. మొత్తము గెలుపులు 165.

రెండవవాడు డాన్ సట్టన్. ఇరువదిమూడేండ్లు ఆడెను. మొత్తము గెలుపులు 324. కోఫాక్స్‌కు దాదాపు రెట్టింపు. కాని యొకే సంవత్సరమున ఇరువది ఆటలు గెలిచినది ఒక్కమారు మాత్రమే. ఉత్తమ పిచ్చరు బహుమానము ఒక్కమారైనను రాలేదు; కోఫాక్స్‌కు మూడుమారులు వచ్చెను. కోఫాక్స్‌ను 1972లో మొదటి ప్రయత్నముననే ఎన్నుకొనిరి. అప్పటికతని వయసు 36. అంత చిన్నవయసున ఎన్నికైనవాడు నేటివరకు లేడు. సట్టన్ అయిదవ ప్రయత్నమున, 1998లో నెన్నికయ్యెను.

ఇద్దరును అర్హులే యని నా యభిప్రాయము. అయినను, ఒక్కనికే చోటున్నచో నేను కోఫాక్స్ పేరే వ్రాయుదును. కీర్తిమందిరము పింఛను కచేరి గాదు, కొలువు చేసిన సంవత్సరములను లెక్కించి పంచుటకు. ఆట యే యెత్తున కెక్కగలదో లోకమునకు చూపినవానికి అచ్చట మొదటి పీట. అట్లని సట్టన్‌ను తక్కువ చేయరాదు. ఇరువదిమూడేండ్లు ప్రతి వసంతమున చేయి సిద్ధముగా నుంచుకొని మైదానమునకు వచ్చుట సామాన్యమైన వ్రతము గాదు. అతని నాలుగేండ్లు ఆపుట రచయితల పిసినారితనము.

ఆటగాడు మారకయే తీర్పు మారుట యెట్టిదో లారీ వాకర్ కథ చెప్పును. ఇతడు డెన్వరు నగరమున చాలకాలమాడెను. ఆ యూరు సముద్రమట్టమునకు మైలు ఎత్తున నున్నది. గాలి పలుచన; కొట్టిన బంతి దూరము పోవును. అందుచేత అతని అంకెలను రచయితలు అనుమానించిరి. 2014లో నూటికి 10.2 ఓట్లు మాత్రమే వచ్చెను. 2020లో, కడపటి యవకాశమున, 76.6 వచ్చి గట్టెక్కెను. ఈ ఆరేండ్ల నడుమ అతడు బ్యాటు పట్టలేదు, బంతి కొట్టలేదు. మారినవారు పరీక్షకులు. డెన్వరు గాలికి ఎంత తీసివేయవలెనో లెక్కవేయ నేర్చిరి. తీసివేసిన తరువాత కూడ చాల మిగిలినదని గ్రహించిరి. దోషమును కనిపెట్టుటతో పని పూర్తికాదు. ఎంత దోషమో కొలిచి చూడవలెను.

ఇక అంకెల కందని యంశ మొకటి యున్నది. ఓటువేయువారు ఆటగాని ప్రజ్ఞతోపాటు నిజాయితీని, క్రీడాధర్మమును, శీలమును కూడ గమనింపవలెనని ఆ మందిరపు నియమము. పీట్ రోజ్ 1985లో టై కాబ్‌ను మించి, ఆట మానునప్పటికి 4,256 హిట్లు కొట్టెను. అంతటి సంఖ్య మరి యెవ్వరికిని లేదు. కాని సిన్సినాటి జట్టునకు అధినేతగా నుండి, తన జట్టు ఆటలపైననే పందెములు కాచెను. 1989 ఆగస్టులో అతనిని ఆటనుండి శాశ్వతముగా బహిష్కరించిరి. బహిష్కృతుల పేర్లు ఎన్నికకు రారాదని మందిరమువారు 1991లో నిర్ణయించిరి. దాదాపు పదునైదేండ్లు నేను కాయలేదని బొంకి, 2004లో తన పుస్తకమున ఒప్పుకొనెను. 2024లో మరణించెను. మృతులకు బహిష్కారము వర్తింపదని 2025 మే నెలలో సంఘాధ్యక్షుడు ప్రకటించుటచే, 2027 చివర సమావేశమగు సమితి యతని పేరును విచారించుటకు వీలు కలిగినది.

తాను గెలుపునకే పందెము కాచితినని రోజ్ వాదించెను. ఆ వాదమున బలము లేదు. పందెము కాచిన నాడొక తీరున, కాయని నాడొక తీరున జట్టును నడిపెనేమో యను సందేహము ప్రేక్షకునికి కలిగిన చాలును; ఆట నాటకమగును. అతని బ్యాటు, బంతి ఆ మందిరపు వస్తుప్రదర్శనశాలలో నున్నవి. అవి యుండవలసినవే. చరిత్రను దాచరాదు. కాని ఫలకము చరిత్ర మాత్రమే గాదు, గౌరవము. నేనైనచో ఈయను.

బారీ బాండ్స్ విషయమున నింత గట్టిగా చెప్పలేను. 762 హోమురన్లు కొట్టి, 755 కొట్టిన హ్యాంక్ ఏరన్‌ను 2007లో మించినవాడతడు. నిషిద్ధౌషధములతో బలము పెంచుకొనెనని యపవాదము. తెలిసి వాడలేదని యతడు చెప్పెను. 2022లో, పదవయు కడపటిదియు నగు ఎన్నికలో, నూటికి 66 ఓట్లు వచ్చి యాగిపోయెను. నన్ను కలవరపెట్టున దిది: ఔషధముల పరీక్షలో దొరికినవారికి శిక్షలు 2004లో గాని యారంభము కాలేదు. అంతకు మునుపు చాలకాలము సంఘమే చూచి చూడనట్లుండెను. ఆ కాలమున అధ్యక్షుడుగా నుండిన బడ్ సెలిగ్ 2017లో మందిర ప్రవేశము చేసెను. తరగతిలో కాపీలు జరుగుచుండగా కిటికీవైపు చూచుచుండిన ఉపాధ్యాయునికి సన్మానము చేసి, పిల్లవానిని మాత్రము గడప బయట నిలుపుట నాకు న్యాయముగా తోచదు. అంతేగాక, గేలార్డ్ పెర్రీ అను పిచ్చరు 1920 నుండి నిషిద్ధమైన తడి బంతిని విసరుచుంటినని తన పుస్తకముననే వ్రాసికొనెను. అతనికి 1991లో ఫలకము దక్కినది. శీలమును తూచదలచినచో అందరిని ఒక తక్కెడలోనే తూచవలెను.

ఇంతవరకు చెప్పినవారందరికి ఆడుటకు మైదానమైన దొరికెను. అదియు దొరకనివారి మాట యేమి? పందొమ్మిదవ శతాబ్ది చివరనుండి 1947 వరకు, వ్రాతలో లేని యొప్పందముచే, నల్లజాతివారిని ప్రధాన సంఘములలోనికి రానీయలేదు. వారు తమ సంఘములను తామే స్థాపించుకొని, ఊరూర ప్రయాణము చేయుచు, భోజనశాలలు తమకు తలుపులు మూసిన పట్టణములలో గూడ ఆడిరి. వారి ఆటలలో ననేకముల లెక్కలు నిలువలేదు.

జాష్ గిబ్సన్ అట్టివాడు. అతని ఫలకముపై దాదాపు 800 హోమురన్లని యున్నది. సంఘపు ఆటల లెక్కలలో నేటికి దొరికినవి 200కు లోపు. తక్కినవి ఊళ్ల జట్లతో ఆడినవి, కండ్లార చూచినవారు చెప్పినవి. 1947 జనవరిలో, 35వ యేట నతడు మరణించెను. అదే యేడు ఏప్రిల్ 15వ తేదీన జాకీ రాబిన్సన్ బ్రూక్లిన్ జట్టున అడుగిడి ఆ యడ్డుగోడను కూల్చెను. మూడునెలలు! పరిశోధకులు పాత వార్తాపత్రికలను పుటపుటయు గాలించి లెక్కలు సమకూర్చగా, 2024లో వానిని ప్రధాన సంఘముల లెక్కలతో చేర్చిరి. అంతట వేయింటికి 372 సగటుతో గిబ్సన్ జీవితకాలపు పట్టికలో టై కాబ్‌ను దాటి మొదటివాడయ్యెను. చనిపోయిన 77 ఏండ్లకు!

సాచెల్ పేజ్ అను పిచ్చరును 1948లో క్లీవ్‌లాండ్ జట్టువారు చేర్చుకొనునప్పటికి అతని వయసు 42. ఆ వయసున తక్కినవారు మనుమల నాడించుచుందురు. ప్రధాన సంఘములలో నతడు గెలిచినవి 28 ఆటలు మాత్రమే. 165కును 324కును నడుమ వాదించినవారము, ఈ 28ని ఏమి చేయుదము? మన తెలుగు కుటుంబమున, నాగపురమున జన్మించిన సి. కె. నాయుడుగారు ఇట్లే జ్ఞప్తికి వచ్చుచున్నారు. 1932లో భారతదేశపు తొలి టెస్టు ఆటకు నాయకత్వము వహించునాటికి వారికి 36 ఏండ్లు. ఆడినవి ఏడు టెస్టులు, తీసినవి 350 పరుగులు. ఆ 350ని చూచి నాయుడుగారిని కొలువబూనువాడు సముద్రమును చెంబుతో కొలుచువాడు.

1966లో టెడ్ విలియమ్స్ అను మహాక్రీడాకారుడు, తనకు జరుగుచున్న సన్మానసభలోనే, పేజ్, గిబ్సన్ వంటివారికిని ఇందు చోటుండవలెనని పలికెను. అవకాశము లేకపోవుటచే వారిచ్చటకు రాలేకపోయిరని యతని భావము. తన సన్మానము నాడు ఇతరుల హక్కును తలచుట నాకీ మందిరపు చరిత్రలో నెల్ల నచ్చిన ఘట్టము. 1971లో పేజ్‌ను ఎన్నుకొనిరి గాని, నల్లజాతి సంఘములవారికి ఫలకములు వేరొకచోట నుంచుదమని మొదట తలచిరి. మైదానమున చేసిన భేదమును గోడపై గూడ చేయుదురా యని ప్రజ లాక్షేపింపగా ఆ యాలోచనను మానుకొనిరి.

2006లో నొక ప్రత్యేక సమితి ఆ సంఘములకు చెందిన పదునేడుగురిని ఒక్కమారే ఎన్నుకొనెను. అందులో ఎఫా మాన్లీ అను జట్టు యజమానురాలు ఆ మందిరమున కెక్కిన తొలి మహిళ. పదునేడుగురును అప్పటికే దివంగతులు. ఆ జాబితాలో బక్ ఓనీల్ పేరు లేదు. ఇతడు కాన్సాస్ సిటీ మోనార్క్సు జట్టున ఆడి, దానికే అధినేతయై, 1962లో చికాగో కబ్సు జట్టున, ప్రధాన సంఘములలో తొలి నల్లజాతి శిక్షకుడయ్యెను. మరుగునబడిన తోటివారి కథలను ఊరూర చెప్పి, వారికొక ప్రదర్శనశాలను నిలుపుటకు పాటుపడెను. గిబ్సన్‌ను, పేజ్‌ను నేడు లోక మెరుగుటలో నితని నోటిమాట కెంతో భాగము కలదు. ఆటగాని యంకెలను మాత్రమే చూచినచో గోడ కెక్కదగినవి కావేమో. ఆటకు చేసిన సేవను చూచినచో ఇతని కంటె నర్హుడు నాకు కనబడడు.

తన పేరు లేదని తెలిసిన పిదప ఓనీల్ కినుక వహింపలేదు. ఆ యేడు జూలైలో కూపర్స్‌టౌను వేదిక నెక్కి, లేని పదునేడుగురి పక్షమున తానే మాటలాడెను. అప్పటికాయనకు 94 ఏండ్లు. సభలోనివారందరిచే చేతులు కలిపించి పాట పాడించెను. అక్టోబరులో మరణించెను. 2021 డిసెంబరులో మరియొక సమితి ఆయనను ఎన్నుకొనెను. 2022 జూలైలో ఫలకమును గోడపై నుంచిరి.